తెర తీసేస్తే నిజ ప్రతిబింబం ఎక్కడికి పోతుంది? కుంభాకార కటకం మీద ఒక చర్చ

వెన్నెలదారి (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. కటకాల పాఠం మొదలయ్యాక ఇంట్లోనే చేసి చూద్దామని నడుమ ఉబ్బుగా ఉండే కుంభాకార కటకం ఒకటి తెప్పించాను. దాని నాభ్యంతరం, అంటే దూరం నుంచి వచ్చే వెలుగును అది ఒక చోట కూడదీసే దూరం, 10 సెం.మీ. రాత్రి దీపాలు ఆర్పి, కొవ్వొత్తిని కటకానికి 15 సెం.మీ. దూరంలో పెట్టి, అవతలి వైపు 30 సెం.మీ. దగ్గర తెల్ల కాగితం నిలబెట్టగానే, జ్వాల తలకిందులుగా, రెట్టింపు ఎత్తున, అంచులతో సహా స్పష్టంగా కాగితం మీద పడింది. ఇద్దరం చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం.

ఆ తరువాత అమ్మాయి కాగితాన్ని పక్కకు తీసి, "ఇప్పుడు ఆ బొమ్మ ఎక్కడుంది నాన్నా?" అని అడిగింది. కాగితం లేదు కాబట్టి బొమ్మ కూడా లేదని చెప్పాను. చెప్పాక నాకే మనసు ఒప్పలేదు. కాగితం పెట్టినా తీసినా కటకం చేసే పనిలో తేడా ఏమీ ఉండదు కదా!

రెండో ప్రశ్న కూడా ఆమెదే. మిథ్యా ప్రతిబింబాన్ని, అంటే భూతద్దంలో పెద్దగా కనిపించే బొమ్మ లాంటిదాన్ని, తెర మీద పట్టలేమని పుస్తకంలో ఉంది. ఆమె అదే కటకాన్ని పుస్తకానికి దగ్గరగా పెట్టి, అందులో పెద్దగా కనిపించిన అక్షరాన్ని నా ఫోనుతో ఫోటో తీసి చూపించింది. ఫోను లోపల బొమ్మ పడేదీ ఒక తెర వంటిదే అయినప్పుడు, పట్టలేమన్నది ఎలా పట్టుబడింది? తెలిసినవారు వివరంగా చెప్పగలరని మనవి.

నల్లబల్ల

వెన్నెలదారి గారూ, నేను ముప్పై ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం చెప్పాను. తెర తీసేస్తే ఏమవుతుందని తనంతట తానుగా అడిగిన పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి.

జ్వాల కొసన ఒక్క బిందువును తీసుకోండి. అక్కడి నుంచి కాంతి అన్ని దిక్కులకూ పోతుంది. అందులో కటకం మీద పడినంత భాగం ఒక శంకువు ఆకారంలో ఉంటుంది. శంకువు మొన జ్వాల దగ్గర, దాని అడుగు కటకం ముఖం మీద ఉంటాయి. కటకం నడుమ దాని రెండు తలాలు దాదాపు సమాంతరంగా ఉండి, అంచులకు పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి ఎక్కువగా వాలుతాయి కాబట్టి, నడుమ పడిన కిరణం వంగకుండా పోతుంది, అంచు దగ్గర పడిన కిరణం ఎక్కువగా వంగుతుంది. అలా వంగిన కిరణాలన్నీ అవతలి వైపు మరో శంకువుగా కూడుకుని 30 సెం.మీ. దగ్గర ఒక బిందువులో కలుస్తాయి. జ్వాల మీద ఉన్న ప్రతి బిందువుకూ అవతల ఇలాంటి జోడీ బిందువు ఒకటి ఉంటుంది. ఆ బిందువులన్నీ కలిసినదే నిజ ప్రతిబింబం.

పిల్లలు తరచుగా మరిచిపోయే సంగతి ఒకటుంది. కిరణాలు అక్కడ కలిసి ఆగిపోవు. ఒకదాన్నొకటి దాటుకుని, మళ్లీ విచ్చుకుంటూ ముందుకు పోతాయి. కాగితం ఉంటే అది వాటిని అడ్డుకుని అన్ని వైపులకూ చెదరగొడుతుంది, అందువల్ల గదిలో ఎక్కడ కూర్చున్నవారికైనా బొమ్మ కనిపిస్తుంది. కాగితం లేకపోతే ఆ కాంతి తన దారిన తాను పోతుంది. ఆ దారిలో కన్ను పెట్టినవారికే బొమ్మ కనిపిస్తుంది.

కాబట్టి రేపు రాత్రి ఈ పని చేయండి. కాగితం తీసేసి, కటకానికి సరిగ్గా ఎదురుగా, దాని నుంచి 60 సెం.మీ.కి తక్కువ కాకుండా వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి కటకం వైపు చూడండి. తలకిందులైన జ్వాల గాలిలో, కటకానికి ఇవతల, మీకు దగ్గరగా నిలబడి ఉంటుంది. అది నిజంగా 30 సెం.మీ. దగ్గరే ఉందో లేదో తేల్చుకోవడానికి అక్కడ ఒక పెన్సిలు నిలబెట్టి, తలను కొద్దిగా కుడికీ ఎడమకూ ఊపండి. పెన్సిలు కొస, జ్వాల రెండూ ఒకదాన్ని విడిచి ఒకటి జరగకుండా కలిసి కదిలితే, రెండూ ఒకే చోట ఉన్నట్టు. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో పారలాక్స్ తొలగించడం అని చేయించేది ఇదే.

చేనుగట్టు

నల్లబల్ల గారి వివరణ బాగుంది. అయినా ఒక అభ్యంతరం చెప్పాలి. నిజ ప్రతిబింబమంటే తెర మీద పట్టగలిగేదని పాఠం. తెర లేనప్పుడు గాలిలో కాంతి మాత్రమే ఉంటుంది, బొమ్మ ఉండదు. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1604లో వెలువరించిన దృశాశాస్త్ర గ్రంథంలో తెర మీద ఏర్పడేదాన్ని పిక్టురా అనీ, కంటికి తోచేదాన్ని ఇమాగో అనీ వేరు చేశాడు. అంటే ఈ విభజన పుట్టుకలోనే తెర ఉంది. మీరు తెరను తీసేసి కన్ను పెడుతున్నారు. అప్పుడు చూసేది పిక్టురా ఎలా అవుతుంది?

నల్లబల్ల

చేనుగట్టు గారూ, కెప్లర్‌ను గుర్తు చేసినందుకు సంతోషం. ఆయన చేసిన విభజన కూడా నిజమే. కానీ "పట్టగలిగేది" అన్న మాటలోనే సమాధానం ఉంది. బావిలో నీళ్లు చేదతో తోడగలిగేవి అంటాం. చేద వేయనప్పుడు బావిలో నీళ్లు లేవనుకోము. తెర ఒక పరీక్ష. పరీక్ష పెట్టకముందే కిరణాలు అక్కడ కలుస్తున్నాయి. ఆ చోట తెర ఉంచితే పడుతుంది, ఫిలిం ఉంచితే ముద్ర పడుతుంది, రెండో కటకం ఉంచితే అది దానినే వస్తువుగా తీసుకుంటుంది. కలవడమే అసలు లక్షణం, తెర దానికి ఆనవాలు. పరీక్షలో రాయడానికి తేలికని మనం ఆనవాలునే నిర్వచనంగా పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నాం. అది నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

వెన్నెలదారి

చూశాం! మొదటిసారి ఏమీ కనిపించలేదు. కటకం నిండా మసక వెలుగు తప్ప ఆకారం లేదు. అమ్మాయి కటకానికి అర అడుగు దూరంలో కన్ను పెట్టిందని తరువాత గమనించాను. రెండోసారి బల్లకు ఇవతల చివర గడ్డం ఆనించి చూడమన్నాను. "నాన్నా, మంట గాలిలో వేలాడుతోంది!" అని అరిచింది. తరువాత నేనూ చూశాను. పెన్సిలు పెట్టి తల ఊపితే 30 దగ్గర రెండూ కలిసే కదిలాయి. పెన్సిలును 25 దగ్గరకు జరపగానే విడిపోయాయి. తలను నాలుగు వేళ్లంత పక్కకు జరిపితే మాత్రం జ్వాల మాయమైంది. కాంతి దారిలో కన్ను ఉండాలని మీరన్నది అప్పుడు అర్థమైంది.

మొదటిసారి ఎందుకు కనిపించలేదు?

నల్లబల్ల

అర అడుగు అంటే 15 సెం.మీ. ప్రతిబింబం 30 దగ్గర ఏర్పడాలి. అంటే కిరణాలు ఇంకా కలవకముందే, కూడుకుంటూ ఉండగానే కంట్లో పడ్డాయి. మన కన్ను విచ్చుకుంటూ వచ్చే కిరణాలకూ, సమాంతరంగా వచ్చే కిరణాలకూ అలవాటు పడింది. లోకంలో ఏ వస్తువైనా కంటికి పంపేది ఆ రెండు రకాలే. రెండోసారి కన్ను ప్రతిబింబానికి వెనుక ఉంది. దానికీ ప్రతిబింబానికీ నడుమ దాదాపు 30 సెం.మీ. ఉండటం వల్ల, చేతిలో పుస్తకాన్ని చూసినంత సుఖంగా చూడగలిగారు.

అద్దాలబల్ల

నేను కళ్లజోళ్ల దుకాణం నడుపుతాను. రెండో ప్రశ్నకు నా అనుభవం నుంచి సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

వస్తువు నాభికి లోపల, అంటే కటకానికి నాభ్యంతరం కన్నా దగ్గరగా ఉంటే, దాని నుంచి వచ్చే కిరణాలు ఎంత విచ్చుకుని ఉంటాయంటే, కటకం వాటిని కూడదీయాలని చూసినా పూర్తిగా కూడదీయలేదు. విచ్చుకోవడాన్ని కాస్త తగ్గించి వదిలేస్తుంది. అవి ముందుకు పోయి ఎక్కడా కలవవు. వెనక్కి పొడిగిస్తే మాత్రం, వస్తువుకన్నా దూరంగా, అదే వైపున ఒక చోట కలిసినట్లు ఉంటాయి. మీ 10 సెం.మీ. కటకానికి 8 సెం.మీ. దూరంలో అక్షరం పెడితే, ఆ చోటు 40 సెం.మీ. దూరంలో, అక్షరం ఉన్న వైపునే ఉంటుంది. అక్కడ కాగితం పెడితే ఏమీ పడదు, ఎందుకంటే కాంతి అక్కడి నుంచి రాలేదు, అటు పోనూ లేదు. కానీ కంటికి వచ్చే కిరణాల తీరు మాత్రం 40 సెం.మీ. దూరంలో అయిదు రెట్లు పెద్ద అక్షరం నిజంగా ఉంటే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. కంట్లోని కటకం ఆ కిరణాలను కూడదీసి, కంటి వెనుక తెరలా ఉండే రెటీనా మీద నిజ ప్రతిబింబం ఏర్పరుస్తుంది. ఫోను కటకం చేసేదీ అంతే. కాబట్టి ఫోనులో పడినది మిథ్యా ప్రతిబింబం కాదు, మిథ్యా ప్రతిబింబాన్ని వస్తువుగా తీసుకుని రెండో కటకం తయారుచేసిన నిజ ప్రతిబింబం. ఆ సమయంలో ఫోను తనను తాను సర్దుకునేది కాగితం ఉన్న దూరానికి కాదు, ప్రతిబింబం ఉన్నట్లు తోచే దూరానికి.

మిథ్యా ప్రతిబింబం అనగానే అందరూ భూతద్దాన్నే తలుచుకుంటారు. దానికన్నా ఎక్కువమంది రోజూ వాడేది చత్వారం కళ్లజోడు. ప్లస్ 2 పవర్ అంటే 50 సెం.మీ. నాభ్యంతరం గల కుంభాకార కటకం. పుస్తకం 30 సెం.మీ. దగ్గర పట్టుకుంటే అది నాభికి లోపలే ఉంది. ప్రతిబింబం 75 సెం.మీ. దగ్గర ఏర్పడుతుంది. నలభై దాటిన కంటికి 30 దగ్గర ఆనకపోయినా 75 దగ్గర ఆనుతుంది. ఇక్కడ అక్షరాన్ని పెద్దది చేయడం ఉద్దేశం కాదు, దాన్ని దూరం జరపడమే ఉద్దేశం. అద్దం అక్షరాలను పెద్దవి చేస్తుందని దుకాణానికి వచ్చే పెద్దలు అనుకుంటారు. కాదండీ, మీ పుస్తకాన్ని మీ చేయి చాచలేనంత దూరానికి తీసుకుపోతుందని చెప్తుంటాను.

ఇంకొకటి. కంట్లో కృత్రిమ కటకం అమర్చడం వాడుకలోకి రాకముందు, శుక్లాలు తీయించుకున్న పెద్దలు ప్లస్ 10 దరిదాపుల్లో మందపాటి అద్దాలు పెట్టుకునేవారు. ఆ అద్దాల వెనుక తాతమ్మల కళ్లు పెద్దవిగా కనిపించేవి, చూసినవారికి గుర్తుండే ఉంటుంది. ఆ అద్దం నాభ్యంతరం సుమారు 10 సెం.మీ., కన్ను దానికి ఒకటిన్నర సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. మనం చూసింది ఆ కంటి మిథ్యా ప్రతిబింబాన్ని, అసలుకన్నా దాదాపు ఐదో వంతు పెద్దగా.

చేనుగట్టు

అద్దాలబల్ల గారూ, అయితే భూతద్దంలో అక్షరం అయిదు రెట్లు పెద్దదైంది, అయిదు రెట్లు దూరమూ అయింది. దూరం పెరిగితే చిన్నగా కనిపించాలి కదా. లాభం ఎక్కడుంది?

అద్దాలబల్ల

మంచి ప్రశ్న. కటకానికి కన్ను ఆనించి చూస్తే, 40 దగ్గర అయిదు రెట్ల అక్షరం కంటి దగ్గర చేసే కోణం, 8 దగ్గర అసలు అక్షరం చేసే కోణం ఒక్కటే. కాబట్టి కోణంలో కటకం కలిపిందేమీ లేదు. కానీ 8 సెం.మీ. దగ్గర పెట్టిన అక్షరం పెద్దల కంటికి ఆనదు. మామూలుగా స్పష్టంగా చూడాలంటే 25 సెం.మీ. దూరం కావాలి. 25ను 8తో భాగిస్తే మూడుకు కొంచెం ఎక్కువ. అదే మనకు దక్కిన లాభం. భూతద్దమంటే వస్తువును కంటికి బాగా దగ్గరగా తెచ్చుకునే వీలు కల్పించే సాధనమని నా అభిప్రాయం. గడియారాలు బాగుచేసేవారు కంటికి బిగించుకునే కటకాన్ని చూడండి, వారు గడియారాన్ని దాదాపు కంటికి ఆనించి పెట్టుకుంటారు.

పదసేవ

భౌతికశాస్త్రం నాకు అంతగా తెలియదు గానీ, మాట గురించి ఒకటి చెప్పాలనిపించింది. మిథ్య అంటే అబద్ధమని పిల్లలు అనుకుంటారు, లేనిదాన్ని ఫోటో ఎలా తీశామన్న ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. అద్వైతంలో మిథ్య అంటే బొత్తిగా లేనిది కాదు. బొత్తిగా లేనిదానికి కుందేటి కొమ్మును ఉదాహరణగా చెప్తారు. అది ఎవరికీ ఎప్పుడూ కనిపించదు. మిథ్యకు ఉదాహరణ మసక వెలుతురులో తాడు మీద తోచే పాము. అది కనిపిస్తుంది, కానీ కనిపించిన చోట లేదు. మిథ్యా ప్రతిబింబమూ కనిపిస్తుంది, కనిపించిన చోట కాంతి లేదు. ఈ పేరు పెట్టినవారు బాగా ఆలోచించే పెట్టారనిపిస్తుంది.

నల్లబల్ల

పదసేవ గారూ, చాలా బాగా చెప్పారు. ఒక్క తేడా మాత్రం ఉంది. తాడని తెలిశాక పాము పోతుంది. కటకం సూత్రమంతా తెలిసిన తరువాత కూడా మిథ్యా ప్రతిబింబం అలాగే కనిపిస్తుంది. అది మన తెలియమి వల్ల కలిగినది కాదు, కిరణాలు వచ్చే తీరు వల్ల కలిగినది. అందుకే అది కొలతకు కూడా లొంగుతుంది.

పదిలోపది

నమస్తే సర్. నేను పదో తరగతి విద్యార్థిని. మా పరీక్షలో కటకం పై సగాన్ని నల్ల కాగితంతో మూస్తే ప్రతిబింబం ఎలా ఉంటుందని అడిగారు. సగం ప్రతిబింబమే ఏర్పడుతుందని రాశాను. తప్పు అని కొట్టేశారు. కానీ కిరణ చిత్రంలో ప్రధానాక్షానికి (కటకం నడిమి గుండా గీసే అడ్డగీతకు) సమాంతరంగా పోయే కిరణం పై సగంలోనే పడుతుంది. దాన్ని ఆపేస్తే ప్రతిబింబం ఎలా పూర్తవుతుంది?

నల్లబల్ల

బాబూ, నీ సందేహం సహజమైనది. అది మేము గీయించే బొమ్మ వల్లనే వచ్చింది. వస్తువు కొస నుంచి రెండు కిరణాలే గీస్తాం, ఎందుకంటే కలిసే చోటు కనుక్కోవడానికి రెండు గీతలు చాలు. ఆ రెండే బయలుదేరాయని కాదు. జ్వాల కొస నుంచి వచ్చిన కాంతి కటకం మొత్తం మీద పడుతుంది, పై సగం మూసినా కింది సగం గుండా పోయిన లెక్కలేనన్ని కిరణాలు అదే బిందువుకు చేరతాయి. జ్వాల అడుగు నుంచి వచ్చినవీ అంతే. కాబట్టి ప్రతిబింబం పూర్తిగా ఉంటుంది. కాంతి సగమే చేరింది కాబట్టి వెలుగు సగానికి తగ్గుతుంది.

ఒక మెలిక చెప్తాను, పరీక్షలో అడగరు గానీ తెలుసుకో. ఆ నల్ల కాగితాన్ని కటకం మీద కాకుండా మెల్లగా తెర వైపు జరుపుకుంటూ పో. తెరకు దగ్గరయ్యే కొద్దీ ప్రతిబింబం ఒక వైపు నుంచి చీకటి కమ్ముతూ వస్తుంది, తెరకు ఆనించినప్పుడు నువ్వు రాసినట్లు సరిగ్గా సగం పోతుంది. కటకం దగ్గర అన్ని బిందువుల కాంతీ కలగలిసి ఉంటుంది, తెర దగ్గర ఏ బిందువుది దానికి విడివడి ఉంటుంది. ఇది చేసి చూశాక ఈ ప్రశ్నకు నువ్వు మళ్లీ తప్పు రాయవు.

పదిలోపది

చేసి చూశాను సర్, మీరు చెప్పినట్టే వచ్చింది. ఇంకొక సందేహం. చెప్పుల పెట్టెకు కటకం బిగించి, లోపల ఫోను పెట్టి, గోడ మీద బొమ్మ వేశాను. నిజ ప్రతిబింబం పైకిందులే కాకుండా కుడియెడమలు కూడా మారుతుందని చదివాను. గోడ మీద అక్షరాలు తలకిందులుగా పడ్డాయి గానీ, వరుస మాత్రం ఎడమ నుంచి కుడికే ఉంది, చెరువు నీళ్లలో కనిపించినట్లు. సరిచేద్దామని ఫోనును తలకిందులుగా పెట్టాను. అక్షరాలు నిటారుగా వచ్చాయి, కానీ అద్దంలో చూసినట్లు కుడియెడమలు తారుమారయ్యాయి. కటకంలో ఏమైనా లోపమా?

టాకీసుగుడారం

కటకంలో లోపం లేదు బాబూ. మా నాన్నగారు టూరింగ్ టాకీసులో ప్రొజెక్టరు నడిపేవారు, నేను పక్కన కూర్చుని రీళ్లు చుట్టేవాణ్ణి. ఫిలింను తలకిందులుగా ఎక్కించాలి, అది అందరికీ తెలుసు. దానితో పాటు, దీపం వైపు నుంచి తెర వైపు చూసినప్పుడు అక్షరాలు కుడియెడమలు సరిగా ఉండేటట్లు ఎక్కించాలి. పొరపాటున మరోవైపు తిప్పి ఎక్కిస్తే పేర్లన్నీ అద్దంలో చూసినట్లు పడి జనం ఈలలు వేసేవారు.

నీ ఫోనుతో వచ్చిన చిక్కు కూడా అదే. ఫోనును చదివేటప్పుడు నీ ముఖం ఫోను వైపు ఉంటుంది. గోడను చదివేటప్పుడు నువ్వు వెనక్కి తిరిగి నిలబడ్డావు. కటకం పైకిందులనూ కుడియెడమలనూ రెండింటినీ మార్చింది, నువ్వు తిరగడం వల్ల కుడియెడమలు మరోసారి మారి మొదటికి వచ్చాయి. గోడకు బదులు నూనె రాసిన పలుచటి కాగితం కట్టి, దాని వెనుక నుంచి ఫోను వైపు చూడు. అప్పుడు కాగితాన్ని సగం చుట్టు తిప్పినట్లు, రెండూ మారి కనిపిస్తాయి. ఫిలిం పారదర్శకం కాబట్టి వెనుక వైపు నుంచి సరిగ్గా చదవగలిగేలా ఎక్కించవచ్చు. ఫోనుకు వెనుక వైపు లేదు కాబట్టి, బొమ్మనే ముందుగా అద్దంలో చూసినట్లు తిప్పి పెట్టుకోవాలి. ఆ సదుపాయం ఫోను లోనే ఉంటుంది.

దూరం సంగతి కూడా చెప్తాను. 10 సెం.మీ. కటకానికి ఫోను 10.5 దగ్గర ఉంటే బొమ్మ 210 సెం.మీ. దగ్గర, 20 రెట్లు పెద్దగా పడుతుంది. ఫోనును ఒక్క మిల్లీమీటరు ముందుకు జరిపి 10.4 చేస్తే బొమ్మ 260కి పోతుంది. అందుకే ప్రొజెక్టరు మీద చేయి అంత నిదానంగా తిప్పాలి. 20 రెట్లు పెద్దదైన బొమ్మ విస్తీర్ణంలో 400 రెట్లు, ఉన్న కాంతే అంత మేర పరుచుకోవాలి. ఫోను బొమ్మ గోడ మీద వెలవెలపోవడానికి కారణం అదే.

తారాదర్శి

ఈ చర్చకు ఆకాశం నుంచి ఒక ఉదాహరణ చేరుస్తాను. ఎండలో కటకం పట్టి కాగితం కాల్చడం చిన్నప్పుడు అందరం చేసిందే. ఆ వెలుగు చుక్క బిందువని అనుకుంటాం. అది సూర్యుని నిజ ప్రతిబింబం. సూర్యబింబం మనకు అర డిగ్రీ కన్నా కొంచెం ఎక్కువ కోణంలో కనిపిస్తుంది కాబట్టి, 10 సెం.మీ. కటకం ఏర్పరిచే ప్రతిబింబం వ్యాసం ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ. మీటరు నాభ్యంతరం గల కటకమైతే అది 9 మిల్లీమీటర్లు దాటుతుంది, పాక్షిక గ్రహణం నాడు ఆ చుక్క నెలవంక ఆకారంలో పడుతుంది. కటకం గుండా సూర్యుని వైపు మాత్రం ఒక్క క్షణం కూడా చూడకూడదు, ఎందుకంటే కాగితాన్ని కాల్చే ఆ ప్రతిబింబం రెటీనా మీద పడితే చూపు శాశ్వతంగా పోవచ్చు. పిల్లలున్న చర్చ కాబట్టి ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

హైదరాబాదు బేగంపేటలోని నిజామియా వేధశాల గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆకాశ పటం తయారుచేసే అంతర్జాతీయ పథకంలో పాలుపంచుకుంది. అందుకు వాడినది 8 అంగుళాల కటకం గల దూరదర్శిని. అక్కడ తెర స్థానంలో ఉన్నది గాజు ఫోటో పలక. ఆ పథకంలో పలక మీద ఒక మిల్లీమీటరుకు ఆకాశంలో ఒక నిమిషం కోణం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు, సరిపడేలా నాభ్యంతరాన్ని దాదాపు 3.4 మీటర్లుగా నిర్ణయించారు. నక్షత్రాల స్థానాలను ఆ పలకల మీద కొలిచారు. నిజ ప్రతిబింబం నమ్మదగిన చోట, నమ్మదగిన కొలతలో ఏర్పడుతుందన్న ధైర్యం లేకపోతే ఆ పటం సాధ్యమయ్యేది కాదు.

పలక తీసేసి కంటితో చూడాలంటే అక్కడ తెర పెట్టము. ముందు కటకం గాలిలో ఏర్పరిచిన నిజ ప్రతిబింబాన్ని మరో చిన్న కుంభాకార కటకంతో, భూతద్దంతో చూసినట్లు చూస్తాం. అంటే తెర లేని నిజ ప్రతిబింబాన్ని వస్తువుగా తీసుకుని మిథ్యా ప్రతిబింబం ఏర్పరచడమే ఈ రకం దూరదర్శిని. చేనుగట్టు గారి అభ్యంతరానికి నా సమాధానం కూడా ఇదే.

చేనుగట్టు

ఒప్పుకుంటున్నాను. గాలిలో ఏమీ లేకపోతే రెండో కటకం దేన్ని పెద్దది చేస్తుందన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

వెన్నెలదారి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఒక కొత్త చిక్కు వచ్చింది. కొవ్వొత్తిని 12 సెం.మీ. దగ్గర పెట్టాం. లెక్క ప్రకారం ప్రతిబింబం 60 దగ్గర, అయిదు రెట్లు పెద్దగా, తలకిందులుగా ఏర్పడాలి. కాగితం పెడితే అలాగే పడింది. కాగితం తీసి, అమ్మాయి కటకానికి 10 సెం.మీ. దూరంలో కన్ను పెట్టింది. జ్వాల మసకగా, కానీ నిటారుగా కనిపించిందట! నేనూ చూశాను, నిటారుగానే ఉంది. నిజ ప్రతిబింబం ఎప్పుడూ తలకిందులుగా ఉంటుందన్న నియమం ఏమైంది?

నల్లబల్ల

నియమం చెక్కుచెదరలేదు. తలకిందులైన ప్రతిబింబం 60 దగ్గర ఏర్పడాలి. మీ కన్ను 10 దగ్గర ఉంది. ఒకే బిందువు నుంచి వచ్చిన కిరణాలు ఇంకా కలవకముందే కన్ను వాటిని అందుకుంది. జ్వాల పై కొస నుంచి వచ్చిన కాంతి పైవైపు నుంచే, అడుగు నుంచి వచ్చినది కిందివైపు నుంచే కంట్లో దూరుతుంది, కాబట్టి నిటారుగా తోచింది. కూడుకుంటూ వచ్చే కిరణాలను కన్ను సరిగా కూర్చలేదు కాబట్టి మసకగా ఉంది. మీరు చూసింది నిజ ప్రతిబింబాన్ని కాదు, ఏర్పడబోయే ప్రతిబింబానికి పోతున్న కాంతిని మధ్యదారిలో చూశారు.

అద్దాలబల్ల

దీనికి నా వంతు ఒక్క మాట. ప్లస్ 2 పవర్ దీర్ఘదృష్టి ఉన్నవారు కళ్లజోడు తీసి అదే చోట కన్ను పెడితే, ఆ జ్వాల మసక లేకుండా స్పష్టంగా కనిపిస్తుంది. వారి కంటికి కావలసింది వెనుక 50 సెం.మీ. దగ్గర కలిసేలా కూడుకుంటూ వచ్చే కాంతే. మీరు చెప్పిన కొలతల్లో సరిగ్గా అదే దొరుకుతుంది. మీ ఇంట్లో అలాంటివారు ఉంటే చూడమనండి.

వెన్నెలదారి

మా అత్తగారికి దూరం చూడటానికి ప్లస్ 2 ఉంది. అద్దాలు తీయించి చూడమన్నాం. "దీపం చక్కగా కనబడుతోంది, ఇందులో వింతేముంది?" అన్నారు. అమ్మాయి ఆమె పక్కనే కూర్చుని, మళ్లీ తన కన్ను పెట్టి చూసి, మసకగానే ఉందని నిర్ధారించుకుంది.

ఆ తరువాత కొవ్వొత్తిని 12 దగ్గరే ఉంచి, కటకం వైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడవమన్నాను. నిటారుగా ఉన్న మసక జ్వాల పెరుగుతూ పోయి ఒక చోట కటకం అంతా ఒకే పసుపు వెలుగుతో నిండిపోయింది, పైకిందులు తెలియలేదు. అక్కడ ఆగమని ఆ చోట నేల మీద సుద్దముక్కతో గీత గీశాం. ఇంకా వెనక్కి పోతే మళ్లీ మసకగా ఆకారం మొదలై, ఈసారి తలకిందులుగా, రెండడుగులు ఎడమయ్యాక స్పష్టంగా నిలిచింది. టేపు పెట్టి కొలిస్తే కటకం నుంచి గీత వరకు 60 సెం.మీ.కు ఒక వేలు వెడల్పు తేడా వచ్చింది.